బిక్షపతి ఇంచున్నర

నాచారంలో బిక్షపతి పేరు తెలియనివాళ్ళు ఉంటారేమో గానీ, అతని పికప్ బండి డ్రైవరు సీటు మీది దిండ్లు తెలియనివాళ్ళు లేరు. కింద రెండు, వీపు వెనక ఒకటి. మూడూ భార్య సాలమ్మ కుట్టినవే, మూడూ పూలపూల గుడ్డవే. మనిషి ఐదడుగులకు ఒక వేలు తక్కువ. ఆ మాట ఎవరైనా అంటే ఒప్పుకోడు. "చెప్పులేసుకుంటే ఐదే" అంటాడు. నమ్మకపోతే చెప్పులతో సహా గోడకి ఆనుకుని నిలబడి మరీ చూపిస్తాడు. నలభై ఆరేళ్ళు వచ్చిన మనిషికి ఇదేం పంతమో అని మీరూ నేనూ అనుకోవచ్చు. మనకేం, మనం స్టీరింగు చక్రం సందులోంచి రోడ్డు చూడక్కర్లేదు కదా.

జనగామ దగ్గరి పల్లె నుంచి ఇరవై ఏళ్ళప్పుడు వచ్చి, నాచారంలో సీసాల మూతలు చేసే ఫ్యాక్టరీలో కుదిరాడు. కొన్నేళ్ళకి ఆ ఫ్యాక్టరీ మూసేశారు. చేతికొచ్చిన డబ్బుతో పాత పికప్ ఒకటి కొని, వెనక డాలా మీద కూతురి పేరు "హిమజ" అని ఎర్ర రంగుతో రాయించి, రోడ్డున పడ్డాడు. డాలా అంటే బండి వెనక దించే తలుపు. మొదటి ఏడు ఇసుక మోశాడు, సిమెంటు మోశాడు, ఒకసారి ఎవరిదో బర్రెని కాప్రా దాకా మోసి, అది దిగనని మొండికేస్తే మళ్ళీ వెనక్కి మోశాడు. ఆ తర్వాత అన్నపూర్ణమ్మ దొరికింది. ఇక వేరే బేరం వెతుక్కోవలసిన పని లేకపోయింది.

అన్నపూర్ణమ్మది తెనాలి వైపు. భర్త గుమాస్తాగిరీ చేసుకుంటూ ఇక్కడికి తెచ్చిపెట్టి, ఇల్లు కట్టి, ఆ ఇంటి అప్పు తీరీ తీరకుండానే కన్నుమూశాడు. ఆవిడ ఏడుస్తూ కూర్చోలేదు. పెరట్లో రేకుల షెడ్డు వేయించి, పెళ్ళి వంటలు ఒప్పుకోవడం మొదలుపెట్టింది. ఆవిడ సాంబారు పెట్టిందంటే ఆ వాసన రెండు వీధులవతలికి పోయేది. పెళ్ళి నాగోలులో ఉన్నా, లాలాపేటలో ఉన్నా వంట మాత్రం నాచారం పెరట్లోనే. గుండిగలు బిక్షపతి బండెక్కి వెళతాయి, ఖాళీ అయి తిరిగొస్తాయి. ఆవిడ మాత్రం గడప దాటదు. భర్త పోయినప్పటి నుంచి పెళ్ళిళ్ళకి వెళ్ళడం మానేసింది. ఎవరూ రావద్దనలేదు. రమ్మని కూడా ఎవరూ అనలేదు.

ఇక అసలు సంగతి అరుగు. ఆరొందల మందికి సరిపడే సాంబారు గుండిగని, అదీ పొయ్యి మీంచి దించిన వేడిలో, ఎత్తి బండిలో పెట్టడం మనుషుల వల్ల అయ్యే పని కాదు. అందుకని ఆవిడ షెడ్డుకీ గేటుకీ మధ్య సిమెంటు అరుగు కట్టించింది. మేస్త్రీ ఎంత ఎత్తు కట్టమంటారు అని అడిగితే, "మా బిక్షపతి బండి ఎంతో అంత" అంది. బిక్షపతి ఖాళీ బండిని వెనక్కి తెచ్చి ఆనించాడు. మేస్త్రీ డాలా అంచున బొగ్గుతో గీత గీసి, ఆ గీత దాకా కట్టాడు. అప్పటి నుంచి డాలా దించితే అరుగూ బండీ ఒకే నేల. గుండిగ కింద తడి గోనెసంచి వేసి ఇద్దరు లాగితే చాలు, నున్నగా జారి లోపలికి పోతుంది. పదకొండేళ్ళలో ఒక్క చుక్క ఒలకలేదు. బిక్షపతికి ఆ అరుగంటే ఎంత గర్వమంటే, కొత్తవాళ్ళెవరైనా కనిపిస్తే, "గది నా బండిని సూసి కట్టింది" అని తీసుకెళ్ళి చూపించేవాడు.

ఆవిడ కొడుకు విజయభాస్కర్ సాఫ్ట్‌వేరు ఉద్యోగి. మంచివాడే గానీ, ఏదీ ఉన్నచోట ఉండనివ్వడు. నాలుగు నెలలుగా ఒకటే పాట. "అమ్మా, మూసిన వ్యాన్లు వచ్చాయి. గుండిగని వాటంతటవే లిఫ్టుతో ఎత్తి లోపల పెట్టుకుంటాయి. ఇంకా ఈ గోనెసంచులేమిటి?"

"అరుగుండగా లిఫ్టు ఎందుకురా?" అనేది ఆవిడ. "ఈ అరుగు మీద ఒక్క చుక్క ఒలికిన రోజు చెప్పు, అప్పుడు చూద్దాం."

అంటే బిక్షపతి బతుకంతా ఆ అరుగు మీదే ఉంది. ఈ సంగతి అతనికి బాగా తెలుసు. తెలిసీ ఏం చేశాడో వినండి.

అది రెండువేల పదమూడు. ఉప్పల్ రోడ్డు మధ్యలో మెట్రో పిల్లర్లు లేస్తున్నాయి. ఒక సాయంత్రం ఉప్పల్ చౌరస్తాలో ఎర్ర లైటు పడి బండ్లన్నీ ఆగాయి. బిక్షపతి మెల్లగా ముందుకి జరుపుతుంటే ట్రాఫిక్ కానిస్టేబుల్ ఈల ఊది, బండిలోకి తొంగిచూసి, "అరె! ఈ బండ్ల డ్రైవర్ ఏడి? బండొక్కటే వస్తుంది!" అని కేకపెట్టాడు. ఆటోలవాళ్ళు నవ్వారు, బస్సు కిటికీల్లో ఆడవాళ్ళు నవ్వారు, స్కూటరు మీద ముందు నిలబడ్డ చంటిది కూడా నవ్వింది. బిక్షపతి దిండ్ల మీద ఇంకొంచెం సాగి, "ఉన్న సార్, ఉన్న" అన్నాడు. ఇంటికొచ్చి చెప్పుకుంటే సాలమ్మ ఓదారుస్తుందనుకున్నాడు. ఆవిడ తట్టలో బియ్యం ఒలకబోసుకునేంత నవ్వింది.

ఆ రాత్రి అతనికి కూడు సహించలేదు. బండి టైర్లు ఎలాగూ నున్నగా అరిగిపోయి మార్చే వేళకొచ్చాయి. శనివారం పొద్దున ఉప్పల్లో గిరిప్రసాద్ టైర్ల కొట్టుకి పోయాడు.

"ఏ సైజన్నా? ఉన్నదేనా?" అన్నాడు గిరిప్రసాద్.

"ఉన్నదానికంటె పెద్దది గావాలె."

"ఎంత పెద్దది?"

బిక్షపతి వెనక్కి తిరిగి ఎవరూ లేరని చూసుకుని, అరచేయి తన నడినెత్తిన పెట్టి, అక్కణ్ణించి కొంచెం పైకి లేపి చూపించాడు. "గింత."

గిరిప్రసాద్ నవ్వు ఆపుకున్నాడు. వ్యాపారస్తుడు కదా. అయినా నిజాయితీపరుడు, చెప్పవలసినవన్నీ చెప్పాడు. "అన్నా, ఏ బండికి ఏ సైజో కంపెనీవాళ్ళు లెక్కగట్టి, తలుపు దగ్గర స్టిక్కరు అంటించి మరీ పంపుతారు."

"గా స్టిక్కర్ ఎప్పుడో ఊడిపోయింది."

"స్టిక్కరు ఊడితే సైజు మారదు కదా! పెద్దవి వేస్తే స్టీరింగు బరువవుతుంది. మీటరు నలభై చూపిస్తే నువ్వు నలభై మూడులో ఉంటావు. బ్రేకు కొంచెం ముందే తొక్కాలి. బండి ఎక్కిదిగడం కూడా..." అని అతని కాళ్ళ వైపు చూసి ఆగిపోయాడు.

"అవన్ని నేను జూసుకుంట గని, ఎత్తు ఎంతొస్తదో చెప్పు."

గిరిప్రసాద్ టేపు తెచ్చి, పాత టైరూ కొత్త టైరూ కొలిచి, అరిగింది కూడా లెక్కేసి, "ఇంచున్నర" అన్నాడు.

ఇంచున్నర! బిక్షపతి మనసులో చెప్పులు, దిండ్లు, ఇంచున్నర కలిపి కూడుకున్నాడు. ఐదడుగుల పైచిలుకు! నాలుగూ వేయించేశాడు. గిరిప్రసాద్ చక్రం అటూ ఇటూ తిప్పి, ఎక్కడా రాసుకోవడం లేదని చూసి పంపించాడు. అన్నీ చెప్పిన ఆ మనిషికి పాపం అరుగు సంగతి తెలియదు. తెలిసిన బిక్షపతికేమో ఆ పూట అరుగే గుర్తురాలేదు.

కొట్టు నుంచి తిన్నగా ఇంటికి రావచ్చు కదా? రాలేదు. లాలాపేట ఫ్లైఓవరు మీదుగా అక్కర్లేని చుట్టు ఒకటి తిరిగి, దారిలో ఆగిన ప్రతి బండివాణ్ణీ పై నుంచి చూసుకుంటూ వచ్చాడు. ఇంటికొచ్చి సాలమ్మతో, "మెట్రో కోసం రోడ్డంత తవ్విన్రు గద, గుంతలల్ల పెద్ద టైర్లయితేనే మంచిగుంటదని ఏపిచ్చిన" అన్నాడు.

సాలమ్మ టైర్లు చూసింది, మొగుణ్ణి చూసింది. "గుంతల కోసమా, కానిస్టేబుల్ కోసమా?"

"నీకన్ని కావాలె" అని లోపలికి పోయాడు.

మర్నాడు ఆదివారం. నాగోలులో పెళ్ళి, ఆరొందల విస్తళ్ళు. ఎనిమిదిన్నరకి బిక్షపతి ఈల వేసుకుంటూ బండిని వెనక్కి తెచ్చి అరుగుకి ఆనించి, డాలా దించాడు. ఎప్పుడూ వినిపించే టప్పుమనే చప్పుడు రాలేదు. వంటవాడు సాంబయ్య, వంటమనిషి సుబ్బులు సాంబారు గుండిగని తడి గోనె మీద లాగుతూ వచ్చి, డాలా అంచుకి కొట్టి ఆగిపోయారు. గుండిగలో సాంబారు ఊగింది. సాంబయ్య వంగి చూసి, "ఒరేయ్, ఇక్కడ మెట్టు మొలిచిందేమిట్రా!" అన్నాడు.

మెట్టే. సరిగ్గా ఇంచున్నర మెట్టు. బిక్షపతి దాన్ని చూశాడు, టైర్లని చూశాడు. అప్పుడు అతని ఒంట్లోంచి ఈల, గాలి, ఐదడుగుల పైచిలుకు అన్నీ ఒక్కసారే పోయాయి. వాడెవడో ఏదో కూశాడని నా అరుగుని నేనే పాడుచేసుకున్నానే అని లోలోపల లబలబలాడాడు.

అన్నపూర్ణమ్మ చెంగుతో చెమట తుడుచుకుంటూ వచ్చింది. ఆవిడ నిలువెత్తు మనిషి, మంచి దిట్టమైన మనిషి. "ఏమైంది?"

"టైర్లు మార్చినమ్మా. జర పెద్దవొచ్చినయ్."

"పెద్దవెందుకొచ్చాయి?"

"గుంతలకు..." అని ఆవిడ మొహం చూసి, అబద్ధం నోట్లోనే మింగేశాడు. "గుంతలకు గాదమ్మా. నేను పొట్టిగున్ననని. అందరు నవ్వుతున్నరని."

ఆవిడ వంగి ఆ మెట్టు మీద వేలు పెట్టి చూసింది. కొడుకు ఆగలేదు. విజయభాస్కర్ తెల్లటి బూట్లతో, చేతిలో ఫోనుతో అక్కడే ఉన్నాడు. "చెప్పానా అమ్మా? ఆ వ్యానుకి ఫోన్ చేస్తాను."

"జర ఆగుండ్రి సార్" అని బిక్షపతి ఉరికాడు. ముందు బకెట్లు, గరిటెలు, విస్తళ్ళ కట్టలు చేతులతో ఎక్కించి చూశాడు. బండి చలించలేదు. చెక్కపలక ఒకటి తెచ్చి ఏటవాలుగా వేశాడు. సాంబయ్య గుండిగని దాని మీదికి లాగాడు. పలక కిర్రుమంది, గుండిగ ఒరిగింది, గరిటెడు సాంబారు పైకి లేచి తిన్నగా వెళ్ళి విజయభాస్కర్ తెల్ల బూటు మీద పడింది. మునక్కాయ ముక్క ఒకటి లేసు మీద కూర్చుంది.

"ఒలికింది!" అన్నాడు విజయభాస్కర్. కాలు కాలిందని కాదు, గెలిచానని. "ఒక్క చుక్క ఒలికితే చూద్దామన్నావు. చూడు!"

"చూద్దామన్నానురా, మార్చేద్దామనలేదు" అంది ఆవిడ. కానీ గొంతులో మునుపటి జోరు లేదు.

"తొమ్మిదింటి దాకా ఆగుతాను. అప్పటికీ ఎక్కకపోతే వ్యాను వస్తుంది. ఇవాళ వచ్చిందంటే ఇక రోజూ అదే వస్తుంది."

తొమ్మిదికి ఇరవై నిమిషాలుంది. బిక్షపతి వెనక టైరు దగ్గర కూలబడి గాలి తీయబోయాడు. అన్నపూర్ణమ్మ కసిరింది. "గాలి తీసేసి నాగోలు దాకా ఎలా తీసుకెళతావు, నెత్తిన పెట్టుకునా?" పిచ్చిపట్టినట్టు అతను బండెక్కి డాలా అంచున ఎగిరి దూకాడు. ఎత్తు తక్కువ మనిషి, బరువూ తక్కువే. బండి లెక్కచేయలేదు. కానీ దూకినప్పుడు బండి కింది కమాన్లు, అంటే స్ప్రింగు పట్టీలు, కొంచెం కుయ్యిమన్నాయి. ఆ కుయ్యిమనడం అతని చెవిన పడింది.

"సాంబన్నా, నువ్వెక్కు!"

సాంబయ్య ఎక్కాడు. అంచు ఒక గోరంత దిగింది. "సుబ్బులక్కా, నువ్వు గూడ!" సుబ్బులు చీర కుచ్చెళ్ళు దోపుకుని ఎక్కింది. కూరలు తరిగే ఇద్దరూ ఎక్కారు. ఇంచు దిగింది. ఇంకా అరంగుళం మిగిలింది. బిక్షపతి చుట్టూ చూశాడు. అందరూ చుట్టూ చూశారు. అందరి చూపులూ తిరిగి తిరిగి ఒకే చోట ఆగాయి గానీ, నోరు విప్పే ధైర్యం ఎవరికీ లేదు.

"ఏమిట్రా అలా చూస్తారు?" అంది అన్నపూర్ణమ్మ. అంతలోనే ఆవిడకి అర్థమైంది. "నేనా? ఈ వయసులో లారీ ఎక్కనా?"

"అమ్మా, దండం పెడ్త" అన్నాడు బిక్షపతి. పెట్టాడు కూడా.

ఆవిడ గడియారం చూసింది, కొడుకు ఫోను చూసింది, పదకొండేళ్ళ అరుగు చూసింది. చెంగు నడుముకి బిగించి, అరుగు మీంచి బండిలోకి అడుగుపెట్టింది. బండి నిట్టూర్చి దిగింది. డాలా అంచు అరుగుతో ఒక్క నేల అయిపోయింది, బొగ్గు గీత గీసిన నాటిలాగే.

"ఎవ్వరు కదలొద్దు!" అని అరిచాడు బిక్షపతి. పదకొండేళ్ళలో అతను ఆ ఇంట్లో గొంతు పెంచడం అదే మొదలు. అరుగు మీదికి దూకి సాంబారు గుండిగని తానే ఒక వైపు పట్టాడు. "సార్, రెండో దిక్కు పట్టుండ్రి!" విజయభాస్కర్ ఏమనుకున్నాడో, ఫోను జేబులో పెట్టి పట్టాడు. గుండిగ వెన్నలా జారి లోపలికి పోయింది. వెంటనే బండి ఇంకొంచెం దిగబడింది.

"సాంబన్నా, దిగు!" సాంబయ్య దిగాడు. అంచు మళ్ళీ సమానమైంది. అన్నం గుండిగ ఎక్కింది. "సుబ్బులక్కా, దిగు!" పప్పు ఎక్కితే ఒకరు, పులిహోర ఎక్కితే ఇంకొకరు. సంతలో తక్కెడలా ఒకటి పెట్టడం, ఒకరిని తీయడం. తొమ్మిదికి రెండు నిమిషాలుండగా చివరి పెరుగు గుండిగ ఎక్కింది. డాలా మూసి గొళ్ళెం పెట్టాడు బిక్షపతి. చుక్క ఒలకలేదు.

"మరి నేనో?" అని లోపల్నించి వినిపించింది.

అన్నపూర్ణమ్మ క్యాబిన్ వెనక గోడకి ఆనుకుని ఉంది. ఆవిడ ముందు బారులు తీరి గుండిగలు, పొగలు కక్కుతూ. ఆవిడని దించాలంటే అన్నీ దించాలి. అన్నీ దించాలంటే మళ్ళీ ఆవిడ ఎక్కాలి. విజయభాస్కర్ గుండిగలు లెక్కపెట్టి, గడియారం చూసుకున్నాడు. సాంబయ్య ఒక బకెట్టు బోర్లించి అందించాడు. ఆవిడ దాని మీద కూర్చుంది. "పోనీరా బిక్షపతీ, ఆలస్యమైతే మగపెళ్ళివారు ఊరుకోరు" అంది.

అలా అన్నపూర్ణమ్మ సాంబారుతో పాటు బయల్దేరింది. మొదట కళ్ళు మూసుకుంది. నాచారం దాటేసరికి ఒక కన్ను తెరిచింది. హబ్సిగూడ వచ్చేసరికి, "ఒరే, ఇక్కణ్ణించి అన్నీ కనిపిస్తున్నాయిరా! మేడల మీద ఆరేసిన బట్టలు కూడా!" అని క్యాబిన్ అద్దం మీద తట్టి చెప్పింది. మెట్రో పిల్లర్లని లెక్కపెట్టింది. పక్క బస్సులో కూర్చున్నవాళ్ళని ఎక్కడికి పోతున్నారని అడిగింది.

ఉప్పల్ చౌరస్తాలో ఎర్ర లైటు. అదే కానిస్టేబుల్. ఇంత బరువుతో బండి దిగబడి ఉంది కదా, కొత్త టైర్లు వేసీ బిక్షపతి మళ్ళీ పాత బిక్షపతే అయ్యాడు. కానిస్టేబుల్ తొంగిచూసి, "మల్ల డ్రైవర్ లేకుంట బండొచ్చింది!" అన్నాడు.

బిక్షపతి తల దించుకున్నాడు. వెనక, అందరికీ పైన, అన్నపూర్ణమ్మ లేచి నిలబడింది. "ఉన్నాడయ్యా, ఉన్నాడు! పదకొండేళ్ళ నుంచి ఉన్నాడు. సాంబారు చుక్క తొణక్కుండా తోలేవాడు, నీకు కనపడకపోతే అది నీ కళ్ళ తప్పు!"

చౌరస్తా అంతా మళ్ళీ నవ్వింది, ఈసారి కానిస్టేబుల్ని చూసి. కానిస్టేబుల్ కూడా నవ్వి, దారి ఇచ్చాడు. బిక్షపతికి ముందున్న రోడ్డు కాసేపు మసకమసకగా కనిపించింది. దిండ్ల తప్పు కాదు అది.

నాగోలు ఫంక్షన్ హాలు వెనక తలుపు దగ్గర గుండిగలు దించాక ఆవిడా దిగింది. వెళ్ళిపోదామనలేదు. వడ్డించేవాళ్ళు పోయొచ్చే తలుపు సందులో నిలబడి బంతిని చూసింది. పదకొండేళ్ళుగా వేల మందికి వండిన మనిషి, తన వంట బంతిలో జనం తింటుంటే చూడడం అదే మొదటిసారి. ఒక ముసలాయన ఆకులో సాంబారు ధార కట్టించుకుని, అరచేత్తో జుర్రి, "ఇంకో గరిటె పోయవయ్యా, ఇది చేసిన తల్లి ఎవరో!" అన్నాడు.

"గామెనే" అని బిక్షపతి తలుపు సందులోకి చెయ్యి చూపించాడు. బంతి బంతంతా తల తిప్పి చూసింది. అన్నపూర్ణమ్మ చెంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. చెంగు వెనక నవ్వుతోందో ఏడుస్తోందో అతను అడగలేదు.

బుధవారం విజయభాస్కర్ మేస్త్రీని పిలిపించాడు. వ్యాను ఊసు మానేశాడు లెండి. అరుగు ఇంచున్నర పెంచితే సరిపోతుందని అతని లెక్క. అదే వేళకి బిక్షపతి కూడా వచ్చాడు, పాత సైజు టైర్లు మళ్ళీ వేయించుకొస్తానని చెప్పడానికి. అన్నపూర్ణమ్మ ఇద్దరి మాటా విని, మేస్త్రీకి కాఫీ ఇచ్చి పంపించేసింది.

"నా అరుగు ముట్టుకుంటే నీకు అన్నం పెట్టను" అని కొడుకుతో అంది. "ఆ టైర్లు ముట్టుకుంటే నీకు కాఫీ పొయ్యను" అని బిక్షపతితో అంది. "ఎల్లుండి లాలాపేటలో పెళ్ళి. నేనెక్కకపోతే సాంబారు ఎలా ఎక్కుతుంది?"

ఆ శుక్రవారం ఆవిడ పట్టుచీర కట్టుకుని, బోర్లించే బకెట్టు తనే చేత్తో పట్టుకుని, అందరికంటే ముందు అరుగు మీదికి వచ్చి నిలబడింది. ఆ తర్వాత కూడా ఆ మెట్టు అలాగే ఉంది. మామూలు రోజుల్లో ఆ ఇంచున్నర బిక్షపతిది. పెళ్ళి ఉన్న రోజు అన్నపూర్ణమ్మది.